చందాలెత్తి కట్టిన మసీదు



ఈ రోజు మీకు ఒక మసీదు చరిత్ర చెబుతాను. ఢిల్లీ జామా మసీదులాగా, మన హైదరాబాద్ మక్కా మసీదులాగా పాదుషాలూ సుల్తానులూ కట్టించింది కాదది. కెనడాలో, ఆల్బర్టా రాష్ట్రంలో, ఎడ్మంటన్ అనే ఊళ్లో, 1938లో, పట్టుమని యాభై కుటుంబాలు కూడా లేని ముస్లిములు ఇంటింటికీ దుకాణం దుకాణానికీ తిరిగి చందాలెత్తి కట్టుకున్నది. పేరు అల్ రషీద్ మసీదు. కెనడా దేశం మొత్తానికి మొదటి మసీదు అదే.

1931 జనాభా లెక్కల్లో కెనడా జనం కోటీ మూడు లక్షల పైచిలుకు. అందులో ముస్లిములు 645 మంది. మన దగ్గర ఒక మోస్తరు పల్లెలో ఉండేంత జనం, సముద్రం నుంచి సముద్రం దాకా పరుచుకున్న దేశమంతా కలిపి! ఆ 645 మందిలో కొంతమంది ఒకచోట చేరి, పంటలు ఎండిపోయి ఉద్యోగాలు లేక జనం అల్లాడుతున్న రోజుల్లో, మనకూ ఒక మసీదు కావాలి అనుకున్నారు. ఆ అనుకోవడానికే ఎంత గుండె కావాలో చూడండి.

అసలు వీళ్లు అంత దూరం, అంత చలిదేశానికి ఎలా వెళ్లారు?

లెబనాన్‌లో బెకా లోయ అని ఉంది. రెండు కొండల వరుసల మధ్య మంచి పంట భూమి. ఆ లోయలో లాలా అనే పల్లె. ఆ రోజుల్లో ఆ ప్రాంతమంతా ఒట్టోమన్ సుల్తానుల ఏలుబడిలో ఉండేది. పొలం చాలక కొందరూ, సైన్యంలోకి పట్టుకుపోతారన్న భయంతో కొందరూ, సముద్రం దాటితే డబ్బు దొరుకుతుందన్న ఆశతో కొందరూ ఓడలెక్కారు. అలీ అహ్మద్ అబూషాదీ అనే కుర్రాడు బంధువుతో కలిసి అలాగే బయలుదేరాడు. కెనడా ఉత్తరాన క్లోండైక్‌లో బంగారం దొరుకుతోందని విన్నారు వాళ్లు. తీరా కెనడాలో దిగాక తెలిసింది, బంగారం కోసం జనం ఎగబడిన రోజులు అప్పటికే అయిపోయాయని. వెనక్కి పోవడానికి దారిఖర్చులు లేవు. వీపు మీద మూట కట్టుకుని వ్యాపారం మొదలుపెట్టారు.

ఆ మూటలో ఏముండేవి? సూదులు, దారాలు, గుండీలు, దువ్వెనలు, లేసులు, రుమాళ్లు, చిన్న చిన్న అద్దాలు. మన ఊళ్లకు గాజుల మలారం ఎత్తుకుని వచ్చే మనిషిని తలచుకోండి. ఆ మనిషికి ఏ ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉందో తెలుసు, ఏ ఇంట్లో జబ్బు మనిషి ఉన్నాడో తెలుసు, ఎవరి దగ్గర అప్పు పెట్టవచ్చో తెలుసు. అరబ్బు మూటవ్యాపారులూ ప్రెయిరీలనే ఆ గడ్డి మైదానాల్లో అలాగే తిరిగారు. ఒక పొలానికీ ఇంకో పొలానికీ మధ్య మైళ్ల దూరం. చీకటి పడితే ఏ ఉక్రెయిన్ రైతు ఇంట్లోనో, ఏ స్కాట్లండ్ రైతు ఇంట్లోనో పడుకోవలసిందే. వాళ్లు పెట్టింది తిని, వాళ్ల పొయ్యి దగ్గర వెచ్చబడి, పొద్దున్నే మళ్లీ మూటెత్తుకుని నడక. అబూషాదీ లాక్ లా బిష్ అనే చోట స్థిరపడి దుకాణం పెట్టాడు. అక్కడి ఆదివాసులైన క్రీ ప్రజల భాష నేర్చాడు. వాళ్ల దగ్గర జంతు చర్మాలు కొని, వాళ్లకు కావలసిన సరుకులు అమ్మేవాడు. ఆయన పేరు పలకడం కష్టమై, అక్కడి జనం నోట అలెగ్జాండర్ హామిల్టన్ అయిపోయాడు.

ఇలాంటివాళ్లు ఎక్కువమంది రాకుండా కెనడా ప్రభుత్వం 1908లోనే అడ్డుకట్ట వేసింది. ఆసియా నుంచి వచ్చేవాళ్లు ఓడ దిగేటప్పుడు 200 డాలర్లు చేతిలో చూపించాలని నిబంధన పెట్టింది. ఆ రోజుల్లో అది పేదవాడు కలలో కూడా చూడని సొమ్ము. అందుకే 1931 నాటికీ లెక్క 645 దగ్గరే ఉంది. ఆ సంఖ్యను ఎవరైనా ఉట్టి సంఖ్యగా చదువుకుంటూ పోతే నాకు బాధగా ఉంటుంది. దాని వెనకాల వద్దని తిప్పి పంపిన ఓడలున్నాయి, ఊళ్లో ఉండిపోయిన భార్యలున్నారు, తండ్రి మొహం చూడని పిల్లలున్నారు.

ఇక మన కథలో అసలు మనిషి దగ్గరకు వద్దాం. ఆమె పేరు హిల్వీ హమ్‌దాన్. 1905లో ఆ బెకా లోయలోనే పుట్టింది. అలీ హమ్‌దాన్‌ను పెళ్లి చేసుకుని 1920లలో కెనడా వచ్చింది. ఆయన వ్యాపారం ఎక్కడ? ఫోర్ట్ చిపెవయాన్‌లో. అథబాస్కా సరస్సు ఒడ్డున, ఆల్బర్టా ఉత్తరాన, 1788లో చర్మాల వ్యాపారం కోసం పుట్టిన స్థావరం అది. రైలు అక్కడిదాకా రాదు. వేసవిలో నది మీద పడవ, చలికాలంలో గడ్డకట్టిన మంచు మీద కుక్కల బండి. ద్రాక్షతోటల సీమ నుంచి వచ్చిన పిల్ల అక్కడ కాపురం పెట్టి, పిల్లల్ని కని, వచ్చేపోయేవాళ్లకు వండిపెట్టింది. చిన్న విమానాల్లో మందులూ ఉత్తరాలూ తెచ్చే పైలట్లకు ఆ ఇల్లు బాగా తెలుసు. మంచులో దిగినవాడికి వేడి భోజనం ఆ ఇంట్లో దొరికేది. పిల్లలు ఎదిగాక, వాళ్ల చదువు కోసం కుటుంబం ఎడ్మంటన్‌కు మారింది.

ఎడ్మంటన్ పెద్ద ఊరే. చర్చిలు ఎన్నో. యూదుల ప్రార్థనాలయం ఉంది. ముస్లిములకు మాత్రం ఏమీ లేదు. నమాజు ఎవరి ఇంట్లోనో చదువుకునేవాళ్లు. పండగకు ఎవరో ఒకరి ముందుగది ఖాళీ చేసేవాళ్లు. ఎవరైనా పోతే జనాజా నమాజు ఎక్కడ? పెళ్లి కుదిరితే నిఖా ఎక్కడ? పిల్లలకు అరబ్బీ అక్షరాలు ఎవరు నేర్పుతారు, ఏ గదిలో? మసీదు అంటే మనం నమాజు గురించే ఆలోచిస్తాం. తక్కువమంది ఉన్న చోట అది అంతకన్నా ముందు కలుసుకునే చోటు. మనవాళ్లు పదిమంది ఒకచోట కనిపించే చోటు. అది లేకపోతే రెండో తరం పిల్లలకు తాము ఎవరో చెప్పడం తల్లులకు కష్టమవుతుంది. ఈ సంగతి తల్లులకే ముందు తెలిసింది.

కాలం చూస్తే చాలా చెడ్డ కాలం. 1929లో మొదలైన ఆర్థికమాంద్యం ప్రెయిరీ రాష్ట్రాల నడుం విరిచింది. డాలరు పైన పలికిన బుషెల్ గోధుమ 1932 నాటికి నలభై సెంట్ల లోపుకు పడిపోయింది. దానికి తోడు కరువు. దుమ్ము తుఫానులు, మిడతల దండ్లు. పొలాలు వదిలేసి కుటుంబాలకు కుటుంబాలే వలస పోయాయి. మనిషి తన తిండికే వెతుక్కుంటున్న కాలంలో చందా అడగాలంటే ఎవరికైనా నోరు రాదు.

హిల్వీ, ఆమెతోటి ఆడవాళ్లూ ముందు మేయరు దగ్గరకు వెళ్లారు. అప్పటి మేయరు జాన్ ఫ్రై. 1937 నుంచి 1945 దాకా ఆయనే. మసీదు కట్టుకోవడానికి స్థలం కావాలని అడిగారు. స్థలం సరే, కట్టడానికి డబ్బేదమ్మా అన్నాడట ఆయన. డబ్బు మేం తెస్తాం అని వచ్చేసి, ఆ ఊరి పెద్దవీధి అయిన జాస్పర్ అవెన్యూ మీద పడ్డారు. ఒక్కో దుకాణం మెట్టెక్కడం, సంగతి చెప్పడం, ఇచ్చింది తీసుకోవడం, పక్క దుకాణానికి పోవడం. దుకాణదారుల్లో ముస్లిము ఎవరు, యూదుడు ఎవరు, క్రైస్తవుడు ఎవరు అని చూడలేదు. అందరినీ అడిగారు. అందరూ ఇచ్చారు. దాదాపు 5,000 డాలర్లు కావలసి వచ్చింది ఆ కట్టడానికి. ఎడ్మంటన్‌లో దొరికింది చాలక ఆల్బర్టాలో, పక్కనున్న సస్కాచెవాన్ రాష్ట్రంలో చెదిరి ఉన్న అరబ్బు కుటుంబాల దగ్గరకూ వెళ్లారు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. ఈ చందా సంగతి చెప్పేవాళ్లు ఎక్కువమంది ఇచ్చినవాళ్ల మంచితనాన్ని మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. కరువులో ఇచ్చిన డాలరు మామూలు డాలరు కాదు. కానీ అడగడంలో ఉన్న పనిని మనం తక్కువ చేస్తున్నాం. పొరుగువాడి దుకాణంలోకి వెళ్లి, నువ్వు మొక్కని మా గుడికి నువ్వు డబ్బివ్వు అని అడగాలంటే, ఆ ఊరు తనది కూడా అన్న నమ్మకం మనిషికి ఉండాలి. ఆ నమ్మకం ఒక్క రోజులో రాలేదు. ముప్పయ్యేళ్లపాటు మూటలు మోసి, ఆ రైతుల ఇళ్లల్లో పడుకుని, వాళ్ల భాషలు నేర్చుకుని, వాళ్ల పిల్లలకు పిప్పరమెంట్లు పంచి సంపాదించుకున్న నమ్మకం. మగవాళ్లు నడిచి నడిచి కూడబెట్టిన పరపతిని ఆడవాళ్లు ఆ పెద్దవీధి మీద మసీదుగా మార్చారు. పత్రాల్లో, రిజిస్ట్రేషన్‌లో మగవాళ్ల సంఘం పేరుంది. అరేబియన్ ముస్లిం అసోసియేషన్ అని పెట్టుకున్నారు. మన ఊళ్లలో గుళ్లూ బళ్లూ కట్టిన చరిత్రల్లోనూ ఇంతే. శిలాఫలకం మీద కమిటీ పెద్దల పేర్లుంటాయి. పిడికిళ్లతో బియ్యం పోగేసినవాళ్ల పేర్లు ఉండవు.

డబ్బు వచ్చింది. కట్టేదెవరు? మైక్ డ్రీవోత్ అనే కంట్రాక్టరును పెట్టుకున్నారు. ఆయన ఉక్రెయిన్ జాతివాడు. ఆ ప్రాంతంలో ఉక్రెయిన్ వాళ్లు చాలా ఎక్కువ. 1890ల నుంచి వేల కుటుంబాలు వచ్చి ఎడ్మంటన్‌కు తూర్పున పొలాలు చేసుకున్నాయి. మైదానం మధ్యలో ఎక్కడ చూసినా వాళ్ల చర్చిల గుమ్మటాలు కనిపిస్తాయి. డ్రీవోత్ చేయి తిరిగిన పనివాడు. కాకపోతే ఆయన జన్మలో మసీదు చూడలేదు. చూపిద్దామన్నా ఆ దేశంలో మసీదు లేదు! కట్టమన్నవాళ్లు తమ ఊరి మసీదు ఎలా ఉంటుందో నోటితో చెప్పి ఉంటారు. ఆయన తనకు తెలిసిన గుమ్మటాలు పెట్టాడు. దీర్ఘచతురస్రంగా ఇటుక గోడలు, ముందువైపు వాకిలికి అటూ ఇటూ రెండు బురుజులు, వాటి మీద గుమ్మటాలు, ఆ పైన నెలవంకలు. ఆ నెలవంకలు తీసేసి చూస్తే ఏ ఉక్రెయిన్ పల్లెలోని చర్చినో అనుకుంటారు.

దీన్ని చూసి కొందరు అయ్యో, మసీదులా లేదే అంటారు. నేను అలా అనుకోను. కోళికోడ్‌లో మిష్కాల్ మసీదు చూసినవాళ్లకు తెలుసు. పెంకుల కప్పులు అంతస్తులు అంతస్తులుగా పైకి లేచి, దూరం నుంచి కేరళ గుడిలాగే ఉంటుంది. అక్కడ వడ్రంగులకు ఏ పని వచ్చో మసీదు ఆ పనితనంతోనే లేచింది. నమాజుకు కావలసింది శుభ్రమైన నేల, మక్కా దిక్కు. పైకప్పు ఏ ఆకారంలో ఉండాలో ఖురాన్ చెప్పలేదు. ఎడ్మంటన్ మసీదు ఉక్రెయిన్ మేస్త్రీ చేతిలో ఆ మైదానపు రూపం తీసుకుంది. అది ఆ మట్టిదే అనడానికి అంతకన్నా రుజువు ఏం కావాలి?

1938 డిసెంబరు 12న మసీదును ప్రారంభించారు. ఆ నెలలో ఎడ్మంటన్‌లో పొద్దు పొడిచేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. సాయంత్రం నాలుగున్నర లోపే చీకటి పడుతుంది. మధ్యాహ్నపు జొహర్ నమాజు అయ్యీ అవకముందే సాయంకాలపు అసర్ వేళ, ఆ వెంటనే పొద్దుగూకాక చదివే మగ్రిబ్. ప్రారంభ సభకు మేయరు ఫ్రై వచ్చాడు. సభ నడిపింది హన్నా అనే పట్టణం మేయరు షేకర్. ఆయన అరబ్బే కానీ క్రైస్తవుడు. ఆ రోజు మసీదును ప్రారంభించిన పెద్దమనిషి ఎవరంటే, అబ్దుల్లా యూసుఫ్ అలీ.

ఈ పేరు మన శ్రోతల్లో చాలామంది విని ఉంటారు. ఖురాన్‌ను ఇంగ్లీషులోకి అనువదించి, వివరమైన వ్యాఖ్యానం రాసిన మనిషి. 1934లో లాహోరులో మొదటి భాగం వెలువడింది. ఆ తర్వాత రెండు మూడేళ్లలో పూర్తయింది. ఈనాటికీ ప్రపంచం నలుమూలలా ఆ పుస్తకం అచ్చవుతూనే ఉంది. 1872లో బొంబాయిలో పుట్టాడు. ఐసీఎస్ ప్యాసై తెల్లదొరల ప్రభుత్వంలో పనిచేశాడు. మనకు సంబంధించిన సంగతి ఇంకోటి ఉంది. 1920ల మొదట్లో ఆయన హైదరాబాద్ నిజాం ప్రభుత్వంలో రెవెన్యూ మంత్రిగా కొంతకాలం ఉన్నాడు. అంటే మన తెలంగాణ పల్లెల శిస్తు లెక్కలు చూసిన మనిషే, పదిహేడేళ్ల తర్వాత, కెనడా మంచులో కొత్త మసీదు వాకిట్లో నిలబడ్డాడన్నమాట.

హైదరాబాద్ మాట వచ్చింది కాబట్టి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. ఇంగ్లీషు ఖురాన్ అనగానే చెప్పుకునే ఇంకో పేరు మార్మడ్యూక్ పిక్తాల్. ఇంగ్లీషువాడే, ఇస్లాం స్వీకరించాడు. 1925లో హైదరాబాద్ వచ్చి చాదర్‌ఘాట్ హైస్కూలుకు ప్రిన్సిపాలయ్యాడు. ఏడో నిజాం జీతంతో సెలవిచ్చి ప్రోత్సహిస్తే తన అనువాదం పూర్తిచేశాడు. 1930లో అది అచ్చయింది. ఇద్దరు గొప్ప అనువాదకులకూ మన హైదరాబాద్ అన్నం పెట్టింది. ఇద్దరి సమాధులూ ఇంగ్లండ్‌లో బ్రూక్‌వుడ్ శ్మశానంలోనే ఉన్నాయి. యూసుఫ్ అలీ చివరిరోజులు తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. 1953 డిసెంబరులో, లండన్ చలిలో, వెస్ట్‌మినిస్టర్‌లో ఒక ఇంటి వాకిట్లో దిక్కులేకుండా పడి ఉండగా పోలీసులు చూసి ఆసుపత్రికి చేర్చారు. మర్నాడే పోయాడు. ఎడ్మంటన్‌లో ఆయన చేతుల మీదుగా మసీదు తెరుచుకుని అప్పటికి పదిహేనేళ్లు.

మసీదుకు మొదటి ఇమాము జేమ్స్ నజీబ్ ఐలీ. జేమ్స్ అన్న పేరు చూశారు కదా. ఆ తరం వాళ్లకు ఇంట్లో ఒక పేరు, బజారులో ఒక పేరు.

మసీదు పైభాగం నమాజుకైతే, కింద సెల్లారు ఊరందరికీ. నా మట్టుకు నాకు ఈ మసీదులో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఆ సెల్లారే. ప్రెయిరీ ఊళ్లలో కోతలయ్యాక చర్చిల్లో విందు పెట్టడం ఆనవాయితీ. టికెట్టు కొనుక్కుని ఊరంతా వచ్చి టర్కీ కోడి, బంగాళాదుంపలు, పళ్ల పైలు తిని పోతారు. ఆ డబ్బు చర్చి ఖర్చులకు. అల్ రషీద్ ఆడవాళ్లూ ఆ పద్ధతే పెట్టారు. బొగ్గు ఖర్చుకు, మరమ్మతులకు, కట్టాల్సిన బాకీలకు డబ్బు ఆ పొయ్యిల మీదే ఉడికింది. ఇరుగుపొరుగు క్రైస్తవులు మసీదు సెల్లారులో కూచుని భోంచేసేవాళ్లు. పెళ్లి విందులూ అక్కడే, పిల్లల చదువూ అక్కడే, పోయినవాళ్ల ఇంటివాళ్లను పరామర్శించడమూ అక్కడే. పైన ఉన్న గదిలో వారానికి ఒకసారి నిలబడేవాళ్లు కూడా కింద గదిలో వారానికి నాలుగుసార్లు కలుసుకునేవాళ్లనిపిస్తుంది.

అక్కడి రంజాను గురించి కూడా చెప్పుకోవాలి. 1950ల మొదట్లో రంజాను జూన్ నెలలో వచ్చింది. ఆ నెలలో ఎడ్మంటన్‌లో పొద్దుగూకేది రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో. పదిహేడు గంటలకు పైగా చుక్క నీరు లేకుండా ఉండి, ఇఫ్తారు చేసి, ఇషా చదివి పడుకునేసరికి మళ్లీ సహరీ వేళ. పొలాల్లో పనిచేసేవాళ్లకు అది ఎంత కష్టమో మన రాయలసీమ మే నెల రోజాలు ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు.

1946లో మసీదును ఉన్న చోటు నుంచి ఎత్తి కొద్ది దూరం జరిపారు. మనకు వింతగా ఉంటుంది కానీ, ఆ ప్రాంతంలో ఇళ్లనూ చర్చిలనూ అడుగున దూలాలు దూర్చి, జాకీలతో లేపి, చక్రాల మీద లాక్కుపోవడం మామూలే. తర్వాత 1960లలో కెనడా తన వలస చట్టాలు మార్చుకుంది. పుట్టిన దేశం, ఒంటి రంగు చూసి ఆపడం తగ్గింది. భారతదేశం నుంచీ, పాకిస్తాన్ నుంచీ, ఫిజీ, గయానా, తూర్పు ఆఫ్రికాల నుంచీ డాక్టర్లూ ఇంజనీర్లూ విద్యార్థులూ వచ్చారు. దేశంలో ముస్లిములు 1981 నాటికి 98 వేలు దాటారు. ఎడ్మంటన్ చిన్న మసీదులో జుమ్మా రోజు కాలు పెట్టే చోటు లేకపోయింది. 1982లో ఊళ్లో ఇంకోచోట పెద్ద మసీదు కట్టుకుని, అదే పేరు పెట్టుకుని వెళ్లిపోయారు.

పాత మసీదు పాడుపడింది.

పక్కనే రాయల్ అలెగ్జాండ్రా ఆసుపత్రి. అది పెరుగుతోంది, దానికి స్థలం కావాలి. మసీదు కూల్చేయక తప్పదన్న మాట వచ్చింది. మసీదు కమిటీకి కొత్త కట్టడం ఖర్చులే తలకుమించి ఉన్నాయి. అప్పుడు ముందుకొచ్చింది మళ్లీ ఆడవాళ్లే. 1982లో లైలా ఫాల్‌మన్ అనే విద్యావేత్త కెనడా ముస్లిం మహిళల మండలిని స్థాపించింది. ఆమె తండ్రి కూడా ప్రెయిరీ మైదానాలకు వలస వచ్చిన లెబనాన్ ముస్లిమే. ఆ మండలి ఎడ్మంటన్ శాఖ వాళ్లు, హమ్‌దాన్ కుటుంబపు ఆడపిల్లలతో సహా, ఈ కట్టడాన్ని బతికించాలని పట్టుబట్టారు. నార్త్ సస్కాచెవాన్ నది ఒడ్డున ఫోర్ట్ ఎడ్మంటన్ పార్కు అని ఉంది. పాత రోజుల ఇళ్లూ దుకాణాలూ చర్చిలూ తెచ్చి నిలబెట్టిన ప్రదర్శన ఊరు. మసీదును అక్కడికి చేర్చాలని అడిగారు.

అప్పుడు తెలిసింది అసలు కష్టం. పార్కులో చూపించే కాలం 1920లతో ముగుస్తుంది, మీ మసీదు 1938ది కదా అన్నారు కొందరు. నగర చరిత్రలో దీనికి చోటెక్కడిది అని అడిగినవాళ్లూ ఉన్నారు. నాకు ఇది చాలా బాధ కలిగించిన ఘట్టం. 1938లో కరువులో ఉన్న ఊరు, ఇవాళ మీరు కట్టుకోండి అని చేతిలో డబ్బు పెట్టింది. యాభై ఏళ్ల తర్వాత కడుపు నిండిన ఊరు, మా జ్ఞాపకాల్లో మీకు చోటుందా అని తర్జనభర్జన పడింది. ఉండటానికి చోటివ్వడం ఒకటి, చరిత్రలో చోటివ్వడం ఇంకొకటి. రెండోది ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది, ఊరికే రాదు కూడా. ఆ ఆడవాళ్లు వదల్లేదు. అర్జీలు పెట్టారు, సమావేశాలకు వెళ్లి మాట్లాడారు, మళ్లీ చందాలెత్తారు. చివరికి 1991లో మసీదును ఎత్తి, బండి మీద నది దాకా తీసుకొచ్చి పార్కులో దించారు. బాగుచేసి 1992 మే నెలలో తెరిచారు. హిల్వీ ఇది చూడలేదు. 1988లోనే పోయింది.

అంతా మంచే జరిగిందని చెప్పి ముగిస్తే నేను మీకు సగమే చెప్పినట్టు. 2020 చివర నుంచి 2021 దాకా అదే ఎడ్మంటన్‌లో, హిజాబు వేసుకున్న నల్లజాతి ముస్లిం స్త్రీల మీద వీధుల్లో, దుకాణాల బయట వరసగా దాడులు జరిగాయి. ఆడవాళ్లు ధైర్యంగా మెట్లెక్కి చందా అడిగిన ఊళ్లోనే, ఆడవాళ్లు బజారుకు వెళ్లడానికి భయపడిన నెలలు అవి. ఆ రోజుల్లోనే, 2021 ఫిబ్రవరిలో, చలి సున్నాకు ముప్పై డిగ్రీల దిగువకు పోయినప్పుడు, కొత్త అల్ రషీద్ మసీదు వాళ్లు ఇల్లులేని జనానికి తలుపులు తీసి, పరుపులు వేసి, అన్నం పెట్టారు. వచ్చినవాళ్లది ఏ మతమో అడగలేదు.

ఎడ్మంటన్ ప్రభుత్వ బడుల సంస్థ ఒక కొత్త బడికి హిల్వీ హమ్‌దాన్ పేరు పెట్టింది. కెనడాలో ఒక ముస్లిం స్త్రీ పేరుతో ప్రభుత్వ బడి వెలయడం పెద్ద సంగతి. 1931లో 645 దగ్గరున్న లెక్క 2021 జనాభా లెక్కల్లో పదిహేడు లక్షల డెబ్బై వేలు దాటింది.

ఆల్బర్టాలో ఇప్పుడు తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. మీ అబ్బాయో అమ్మాయో ఎడ్మంటన్‌లోనో కాల్గరీలోనో ఉండి, వేసవిలో మీరు చూడ్డానికి వెళితే, ఫోర్ట్ ఎడ్మంటన్ పార్కుకు ఒక పూట కేటాయించండి. చలికాలంలో ఆ పార్కు మామూలుగా మూసి ఉంటుంది, కాబట్టి వేసవే మేలు. అక్కడి ఆవిరి రైలుబండీ, పాత దుకాణాలూ పిల్లలు ఎలాగూ చూపిస్తారు. మసీదు ఎక్కడ అని మీరే అడిగి వెళ్లండి. వాకిట్లో చెప్పులు విప్పి, బురుజుల మీద ఆ ఉక్రెయిన్ మేస్త్రీ పెట్టిన గుమ్మటాలు ఒకసారి తలెత్తి చూసి, లోపలికి నడవండి.